పాత కారుకొక పంచాంగం

అమెరికాలోని చిన్న పట్టణాలలో కారు లేని కుటుంబానికి కాలూ చేయీ ఆడదు. పచారీ సామాను తెచ్చుకోవాలన్నా, బిడ్డను వైద్యుని వద్దకు తీసుకొని వెళ్లాలన్నా, మంచు కురిసే రాత్రి ప్రయోగశాలనుండి ఇల్లు చేరాలన్నా నాలుగు చక్రాల ఆధారం తప్పనిసరి. కొత్త కారు కొనే స్తోమత లేని విద్యార్థులు, కొత్తగా ఉద్యోగంలో చేరినవారు నాలుగైదు వేల డాలర్లు కూడబెట్టి పదేళ్లు పైబడిన పాత కారును వెతుక్కుంటారు. కొనేముందు వారడిగే ప్రశ్నలు సాధారణంగా మూడు: ధర ఎంత, ఎన్ని మైళ్లు తిరిగింది, ఏ.సీ. పనిచేస్తున్నదా? నాలుగవ ప్రశ్న అడిగేవారు అరుదు. ఈ కారులోని నూనెలు, ద్రవాలు, రబ్బరు, ఇనుము ఎంత ముసలివైనవి?

ఆ నాలుగవ ప్రశ్న అడగకపోతే ఏమవుతుందో చూపడానికి ఒక యువజంటను ఊహించుకోవచ్చు. గుంటూరు ప్రాంతంనుండి వచ్చి ఒహాయో రాష్ట్రంలో ఈరీ సరస్సు తీరాన చదువుకుంటున్న దంపతులు. ఉన్న అయిదు వేల డాలర్లూ పెట్టి పన్నెండేళ్ల వయస్సు గల ఆరు సిలిండర్ల కారు కొన్నారు. తిరిగినది 82,000 మైళ్లే. లోపల శుభ్రం, బయట మెరుపు. ఇంజన్‌లోని టైమింగ్ బెల్ట్‌ను లక్ష మైళ్లకు మార్చాలని ఎవరో చెప్పగా, ఇంకా 18,000 మైళ్ల వ్యవధి ఉన్నదని నిశ్చింతగా ఉన్నారు. మూడవ నెలలో రహదారిమీద ఆ బెల్ట్ తెగినది. ఇంజన్ ఒక్క క్షణంలో ఆగిపోయినది. లోపలి వాల్వులు వంగిపోయినవి. బాగు చేయడానికి మెకానిక్ చెప్పిన మొత్తం కారు వెలకు సమీపంగా ఉన్నది. బెల్ట్‌ను ముందే మార్చి ఉంటే వేయి డాలర్లతో పోయేది.

వారు లెక్క తప్పలేదు, లెక్కించవలసిన దానిని లెక్కించలేదు. అటువంటి బెల్ట్‌కు తయారీదారులు చెప్పే గడువు మైళ్లకు మాత్రమే పరిమితం కాదు. లక్ష మైళ్లు లేదా సుమారు ఏడేళ్లు, ఏది ముందైతే అది. మైళ్లు కారు నడకను కొలుస్తాయి. సంవత్సరాలు దానిలోని రసాయనిక మార్పులను కొలుస్తాయి. పాత కారును చవకగా, క్షేమంగా నడపదలచినవారు ఈ రెండవ గడియారాన్ని చదవడం నేర్చుకోవాలి.

రెండు గడియారాలు

1889లో స్వీడన్ దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు స్వాంటె అర్హీనియస్ ఉష్ణోగ్రతకు, రసాయన చర్యల వేగానికి గల సంబంధాన్ని ఒక సమీకరణంలో నిరూపించాడు. దానినుండి పుట్టిన మోటు సూత్రం ఒకటి ప్రతి ప్రయోగశాలలోను వాడుకలో ఉన్నది: ఉష్ణోగ్రత 10 సెల్సియస్ డిగ్రీలు పెరిగితే అనేక చర్యల వేగం సుమారు రెట్టింపవుతుంది. ఇంజన్ పనిచేసే ఉష్ణోగ్రత 90 డిగ్రీల పైమాట. అంటే కారు బానెట్ క్రింద ఉన్న రబ్బరు, నూనె, ప్లాస్టిక్ గదిలో ఉన్నవాటికంటె ఎన్నో రెట్లు వేగంగా ముసలివవుతాయి. అయితే కదలకుండా నిలబెట్టిన కారుకు కూడ ఈ వార్ధక్యం ఆగదు, మందగిస్తుంది అంతే. అందువల్లనే “తక్కువ తిరిగిన కారు” అన్న మాట సగం సత్యం.

పంచాంగానికి తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం అని అయిదు అంగాలు. పాత కారుకు కూడ అటువంటివే అయిదు ఉన్నవి: ఇంజన్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్, రబ్బరు, ఇనుము. ఒక్కొక్కదాని నడక వేరు, గడువు వేరు.

మొదటి అంగం: ఇంజన్ ఆయిల్

పెట్రోలు ఉదజని, కర్బనాల సమ్మేళనం. అది మండినప్పుడు బొగ్గుపులుసు వాయువుతో బాటు నీరు కూడ పుడుతుంది. ఎంత నీరు? లెక్క కడితే ఒక గ్యాలను పెట్రోలుకు సుమారు ఒక గ్యాలను నీరు. ఇందులో అధికభాగం ఆవిరిగా సైలెన్సర్ గుండా పోతుంది. కొంత భాగం మాత్రం పిస్టన్ రింగుల సందులనుండి క్రిందికి జారి ఇంజన్ ఆయిల్‌లో చేరుతుంది. కారు అరగంటసేపు నడిస్తే ఆయిల్ కాగి ఆ నీరు ఆవిరై వెళ్లిపోతుంది. ఇంటినుండి బడికి, బడినుండి అంగడికి రెండేసి మైళ్లు మాత్రమే తిరిగే కారులో ఆ నీరు అక్కడే నిలిచి, దహనంలో పుట్టిన ఆమ్లాలతో కలిసి ఆయిల్‌ను చెరుస్తుంది. కనుక తక్కువ దూరాలు తిరిగే కారుకే ఆయిల్‌ను తొందరగా మార్చాలి. మైళ్లు నిండకపోయినా ఆరు నెలలకొకసారి మార్చడం పాత కారు విషయంలో మంచి నియమం.

ఆయిల్‌ను మార్చడంకంటె ముఖ్యమైనది ఆయిల్ ఉన్నదో లేదో చూడడం. రింగులు అరిగిన పాత ఇంజన్ వేయి మైళ్లకు ఒక క్వార్టు ఆయిల్‌ను కాల్చివేయడం వింత కాదు. ఇంజన్‌లో పట్టేది నాలుగైదు క్వార్టులే. అయిదు వేల మైళ్ల తరువాత మారుద్దామని ఊరకున్నవారి ఇంజన్ అంతకు ముందే ఎండిపోతుంది. రెండుసార్లు పెట్రోలు పోయించుకున్నప్పుడు ఒకసారి, సమతల ప్రదేశంలో, ఇంజన్ ఆపిన కొద్ది నిమిషాలకు డిప్‌స్టిక్ తీసి తుడిచి చూడాలి. అందుకు పట్టేది ఒక నిమిషం.

రెండవ అంగం: కూలెంట్

రేడియేటర్‌లో ఉండేది ఉత్త నీరు కాదు. ఇథిలీన్ గ్లైకాల్, నీరు సమపాళ్లలో కలిపిన ద్రవం. దీనిలో ఒక చమత్కారం ఉన్నది. నీరు 0 డిగ్రీల వద్ద గడ్డకడుతుంది, స్వచ్ఛమైన గ్లైకాల్ సుమారు మైనస్ 13 వద్ద గడ్డకడుతుంది. రెండింటినీ సగం సగం కలిపితే మైనస్ 37 వరకు గడ్డకట్టదు. కనుక “ఎక్కువ పోస్తే ఎక్కువ రక్షణ” అనుకొని నీరు కలపకుండా గ్లైకాల్ మాత్రమే పోయడం పొరపాటు.

గ్లైకాల్ కాలక్రమాన ఆక్సీకరణం చెంది ఆమ్లాలుగా మారుతుంది. లోహాలను కాపాడడానికి కలిపిన నిరోధకాలు ఆ ఆమ్లాలను ఎదుర్కొంటూ ఖర్చయిపోతాయి. అవి అయిపోయిన తరువాత కూలెంట్ చూడడానికి పచ్చగానే ఉన్నా, లోలోపల అల్యూమినియంను, నీటి పంపును తినడం మొదలుపెడుతుంది. పాతకాలపు ఆకుపచ్చ కూలెంట్‌కు ఆయుర్దాయం రెండేళ్లు, ఆ తరువాత వచ్చిన సేంద్రియామ్ల రకాలకు సుమారు అయిదేళ్లు. రంగును బట్టి రకాన్ని నిర్ణయించరాదు. కారుతో వచ్చిన పుస్తకంలో చెప్పిన రకాన్నే పోయాలి.

ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయరాదు. మూత కలిగించే ఒత్తిడివల్ల లోపలి ద్రవం వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తీసిన మరుక్షణం ఒక్కుమ్మడిగా మరిగి ముఖంమీదికి చిమ్ముతుంది. మరొక హెచ్చరిక పసిబిడ్డలున్న ఇళ్లకు. గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. శరీరంలో అది ఆక్జాలిక్ ఆమ్లంగా మారి, కాల్షియంతో కలిసి స్ఫటికాలై మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కొద్ది గుక్కలు కూడ పసివాని ప్రాణం తీయగలవు. నేలమీద కారిన కూలెంట్‌ను వెంటనే కడిగివేయాలి. పాత కూలెంట్‌ను శీతలపానీయం సీసాలలో ఎన్నడూ నిలువ చేయరాదు.

మూడవ అంగం: బ్రేక్ ఆయిల్

మన వాడుకలో బ్రేక్ ఆయిల్ అంటారు గాని, అది నూనె కాదు. సామాన్యంగా దొరికే డాట్ 3, డాట్ 4 రకాలు గ్లైకాల్ ఈథర్లు. వీటికి నీటిపై మక్కువ ఎక్కువ. రబ్బరు గొట్టాల గోడలగుండా, మూత సందులగుండా గాలిలోని తేమను కొద్దికొద్దిగా పీల్చుకుంటాయి. కొత్త డాట్ 3 ద్రవం కనీసం 205 డిగ్రీల వరకు మరగరాదని అమెరికా ప్రమాణం. మూడు నాలుగు శాతం నీరు చేరిన తరువాత ఆ హద్దు 140 డిగ్రీలకు దిగిపోతుంది.

దీని పర్యవసానం కొండదారిలో తెలుస్తుంది. అపలేషియన్ పర్వతాల చూపు విహారానికి అయిదుగురిని ఎక్కించుకొని, సామాను నింపుకొని, పల్లంలో బ్రేకు తొక్కుతూ దిగే కారులో బ్రేకుల వేడి ఆ ద్రవానికి అందుతుంది. నీటితో బలహీనపడిన ద్రవం మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం ఒత్తిడికి కుదించుకుపోదు, ఆవిరి కుదించుకుపోతుంది. పాదం క్రింద పెడల్ మెత్తగా నేలకు ఆనుతుంది, కారు ఆగదు. రెండు మూడేళ్లకొకసారి ఈ ద్రవాన్ని పూర్తిగా మార్పించడం వంద, నూటయాభై డాలర్ల పని. కారు అమ్మిన మనిషికి ఎప్పుడు మార్చినదీ జ్ఞాపకం లేకపోతే, మార్చలేదని భావించడమే క్షేమం.

నాలుగవ అంగం: రబ్బరు

1839లో ఛార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో వేడిచేస్తే అది గట్టిపడి సాగే గుణాన్ని నిలుపుకుంటుందని కనుగొన్నాడు. గంధకపు పరమాణువులు రబ్బరు పోగులను వంతెనలవలె కలిపి ఉంచుతాయి. వేడి, ప్రాణవాయువు, గాలిలో స్వల్పంగా ఉండే ఓజోన్ ఏళ్ల తరబడి ఆ పోగులను తెంచుతూ, అదనపు వంతెనలు కడుతూ పోతాయి. ఫలితంగా రబ్బరు పెళుసవుతుంది, పగుళ్లు తీస్తుంది.

టైర్ల వయస్సును ఎవరినీ అడగనక్కరలేదు. టైరు ప్రక్కన డాట్ అన్న అక్షరాలతో మొదలయ్యే సంకేతంలో చివరి నాలుగు అంకెలు పుట్టిన తేదీ. 2319 అని ఉంటే 2019వ సంవత్సరంలో 23వ వారం. ఆరేళ్లు దాటిన టైరును ఏటా పరీక్ష చేయించాలి. పదేళ్లు నిండిన దానిని గాళ్లు ఎంత లోతుగా ఉన్నా తీసివేయాలి. గాళ్ల లోతును చూడడానికి ఒక పెన్నీ నాణెం చాలు. లింకన్ తలను క్రిందికి పెట్టి గాడిలో దూర్చినప్పుడు ఆయన తల పూర్తిగా కనిపిస్తే లోతు అంగుళంలో 32 భాగాలకు రెండుకంటె తక్కువ అన్నమాట. అది అనేక రాష్ట్రాలలో చట్టపు కనీస హద్దు. వానకు, మంచుకు అంతకు రెట్టింపు లోతు ఉండాలి.

టైమింగ్ బెల్ట్ సంగతి ఇంతకుముందే వచ్చినది. ఇంజన్ నిమిషానికి 3,000 సార్లు తిరిగేటప్పుడు ప్రతి వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకొని మూసుకుంటుంది. పిస్టన్ పైకి వచ్చే చోటికే వాల్వు క్రిందికి దిగుతుంది. ఇద్దరూ వేర్వేరు క్షణాలలో వచ్చేటట్లు చూసేది ఆ బెల్ట్. అది తెగితే ఇద్దరూ ఢీకొంటారు. అన్ని ఇంజన్లకు బెల్ట్ ఉండదు. కొన్నింటికి ఇనుప గొలుసు ఉంటుంది, దానికి ఇటువంటి గడువు లేదు. టయోటా కరోలాకు 1998నుండి, నాలుగు సిలిండర్ల కామ్రీకి 2002నుండి, నాలుగు సిలిండర్ల హోండా ఎకార్డ్‌కు 2003నుండి, సివిక్‌కు 2006నుండి గొలుసే. కొనదలచిన కారుకు ఏది ఉన్నదో ముందే తెలుసుకుంటే బేరం చేయడం సులభమవుతుంది. బెల్ట్ మార్చిన రశీదు లేకపోతే, ఆ ఖర్చును ధరలో తగ్గించి అడగవచ్చు.

అయిదవ అంగం: ఇనుము

ఆంధ్రదేశంలో కారు నడిపినవారికి ఈ అంగం కొత్త. ఉత్తర అమెరికా మంచు రాష్ట్రాలలో చలికాలమంతా రోడ్లపై ఉప్పు చల్లుతారు. డెట్రాయిట్ నగరం అడుగున, క్లీవ్‌లాండ్ వద్ద ఈరీ సరస్సు అడుగున ఉన్న గనులనుండి తవ్విన ఉప్పు అది. ఉప్పునీరు ఉత్త నీటికంటె తక్కువ ఉష్ణోగ్రతలో గడ్డకడుతుంది గనుక మంచు కరుగుతుంది. అదే ఉప్పు కారు అడుగుభాగాన పేరుకుంటుంది. తుప్పు పట్టడం ఒక విద్యుద్రసాయన చర్య, దానికి విద్యుత్తును మోసే ద్రవం కావాలి. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తాను చెమర్చి ఆ ద్రవాన్ని సమకూరుస్తుంది. క్లోరైడ్ అయాన్లు లోహపు రక్షణ పొరను ఛేదిస్తాయి. గడ్డకట్టే చలిలో ఈ చర్య మందకొడిగా ఉండి, వసంతం రాగానే పుంజుకుంటుంది.

తుప్పు పట్టిన తలుపు కంటికి ఎబ్బెట్టు, అంతే. అడుగున ఉన్న బ్రేకు ద్రవపు ఉక్కు గొట్టం తుప్పు పడితే ప్రాణాపాయం. 2015లో అమెరికా జాతీయ రహదారి రవాణా భద్రతా సంస్థ ఉప్పు చల్లే రాష్ట్రాలలోని పాత కార్ల యజమానులకు ఈ గొట్టాలను పరీక్ష చేయించుకోవలసినదిగా ప్రత్యేకంగా హెచ్చరిక జారీ చేసినది. సైలెన్సర్ గొట్టం చిల్లులు పడితే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ వాయువు కారులోనికి చేరవచ్చు. రక్తంలోని హీమోగ్లోబిన్‌కు ప్రాణవాయువుకంటె ఆ విషవాయువుపై రెండు వందల రెట్లకు మించిన ఆకర్షణ. కిటికీలు మూసిన కారులో తలనొప్పి, మగత కలిగితే నిద్రలేమి అని సరిపెట్టుకోరాదు.

కొనేముందు మూడు జాగ్రత్తలు

అర్థశాస్త్రంలో జార్జ్ అకెర్లాఫ్ 1970లో పాత కార్ల అంగడినే ఉదాహరణగా తీసుకొని ఒక ప్రసిద్ధ వ్యాసం వ్రాశాడు. అమ్మేవానికి తెలిసినది కొనేవానికి తెలియకపోవడమే ఆ అంగడికి మూలవ్యాధి అని ఆయన చూపాడు. 2001లో ఆయనకు నోబెల్ బహుమానం లభించినది. ఆ అజ్ఞానాన్ని తగ్గించుకోవడానికి మూడు మార్గాలున్నవి.

ఒకటి, అమ్మేవానితో సంబంధం లేని మెకానిక్ చేత కారును పైకెత్తించి అడుగుభాగం చూపించడం. నూటినుండి రెండు వందల డాలర్ల ఖర్చు. ఇందుకు ఒప్పుకోని అమ్మకందారు వద్ద కొనకపోవడమే మేలు. రెండు, 1996 తరువాతి కార్లన్నింటిలోను ఉండే ఓబీడీ రెండవ తరం కంప్యూటరును చదివించడం. ఇంజన్ దీపం వెలగకపోయినంత మాత్రాన లోపం లేదని కాదు. అమ్మేముందు జ్ఞాపకాన్ని తుడిచివేసి ఉండవచ్చు. అలా తుడిచినప్పుడు కంప్యూటరు స్వయంపరీక్షలు “ఇంకా పూర్తికాలేదు” అని చూపుతాయి, ఆ మాటే సాక్ష్యం. కొన్న తరువాత ఇంజన్ దీపం నిలకడగా వెలిగితే వారంలోగా చూపించవచ్చు. మిణుకుమిణుకుమంటే మాత్రం పెట్రోలు మండకుండా వెళ్లి ప్లాటినం, పల్లేడియం గల ఖరీదైన కెటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చివేస్తున్నదని అర్థం. వెంటనే ప్రక్కకు ఆపాలి.

మూడవది కారు గుర్తింపు సంఖ్య. 1981నుండి ప్రతి కారుకు 17 అక్షరాంకాల సంఖ్య ఉన్నది. దానిని భద్రతా సంస్థవారి జాబితాలో చూస్తే రీకాల్ పనులు మిగిలి ఉన్నవేమో తెలుస్తుంది. ఇది లాంఛనం కాదు. టకాటా సంస్థ తయారుచేసిన ఎయిర్‌బ్యాగులలో ఆమోనియం నైట్రేట్‌ను వాడారు. ఏళ్ల తరబడి వేడి, తేమ తగలడంతో ఆ పదార్థపు బిళ్లలు చెదిరి, అవసరానికి మించిన వేగంతో మండి, లోహపు పెట్టెను పేల్చి ముక్కలను ప్రయాణికులపైకి విసిరినవి. అమెరికాలో పాతికమందికి పైగా మరణించారు. సుమారు 6 కోట్ల 70 లక్షల ఎయిర్‌బ్యాగులను వెనక్కు పిలిచారు. 2001 నుండి 2003 వరకు వచ్చిన కొన్ని హోండా, ఎక్యూరా కార్లు అత్యంత ప్రమాదకరమైనవిగా గుర్తింపబడినవి. చవక కార్ల అంగడిలో అవి ఇప్పటికీ తారసపడవచ్చు. ఈ మరమ్మతుకు యజమాని ఒక్క డాలరు కూడ చెల్లించనక్కరలేదు.

వరుస, లెక్క

విజయవాడ ఆటోనగర్‌ను ఎరిగినవారు ఇక్కడి మరమ్మతు ఖర్చు చూసి నివ్వెరపోతారు. అక్కడ మనిషి శ్రమ చవక, విడిభాగం ఖరీదు. కనుక ప్రతి భాగాన్నీ విప్పి, అతికి, తిరిగి బిగిస్తారు. ఇక్కడ లేబర్ గంటకు వంద డాలర్లు దాటుతుంది. కనుక సూత్రం తలక్రిందులవుతుంది: ఒకసారి విప్పినప్పుడు ఆ చోటనున్న పాత భాగాలన్నీ మార్చాలి. టైమింగ్ బెల్ట్ మార్చేటప్పుడే దాని వెనుకనున్న నీటి పంపును కూడ మార్పించడం ఇందువల్లనే.

అన్ని పనులూ ఒకేసారి చేయించడం విద్యార్థికి సాధ్యం కాదు, అవసరమూ లేదు. మూడు వరుసలు చేసుకోవాలి. మొదటి వరుసలో ప్రాణానికి సంబంధించినవి: బ్రేకులు, టైర్లు, స్టీరింగ్, దీపాలు, సైలెన్సర్, రీకాల్. ఇవి కొన్న వారంలోనే పూర్తికావాలి. రెండవ వరుసలో ఇంజన్‌ను చంపగలవి: టైమింగ్ బెల్ట్, కూలెంట్, ఇంజన్ ఆయిల్, గేర్‌బాక్స్ ద్రవం. వీటికి మూడు నెలల గడువు. బెల్ట్ వయస్సు తెలియకపోతే దానికి మాత్రం అంత గడువు ఇవ్వరాదు. మూడవ వరుసలో సుఖానికి సంబంధించినవి: ఏ.సీ., కిటికీల మోటార్లు, రంగు. ఇవి డబ్బు మిగిలినప్పుడు.

కొనే సొమ్ములో నాలుగవ వంతును మొదటి రెండు వరుసలకై తీసి ఉంచాలి. ఆ తరువాత నెలనెలా కొంత వేరుగా పెట్టాలి. ఎంత అన్నది కూడికతో తేలుతుంది. ధరలు ఊరిని బట్టి మారుతాయి గనుక ఈ క్రింది అంకెలు నమూనాకే. 600 డాలర్ల టైర్లు అయిదేళ్లు వస్తే ఏటికి 120. 450 డాలర్ల బ్రేకు పని మూడేళ్లకైతే 150. 1,050 డాలర్ల బెల్ట్ పని ఏడేళ్లకైతే 150. 180 డాలర్ల బ్యాటరీ అయిదేళ్లకైతే 36. కూలెంట్, బ్రేక్ ఆయిల్ కలిపి మూడేళ్లకు 240 అయితే 80. ఏటా మూడుసార్లు ఆయిల్ మార్పిడికి 180. మొత్తం 716 డాలర్లు, అనగా నెలకు 60. అనుకోని వాటికి మరొక 40 కలిపి నెలకు నూరు డాలర్లు. ఈ నూరు ప్రక్కన పెట్టినవానికి మరమ్మతు వచ్చినప్పుడు అది ఉపద్రవం కాదు, పద్దు మాత్రమే.

పద్దుకు పుస్తకం కావాలి. ఒక చిన్న నోటుబుక్కును కారులోనే ఉంచి, తేదీ, మైళ్లు, చేసిన పని, అయిన ఖర్చు వ్రాసుకోవాలి. కారును తిరిగి అమ్మే రోజున ఆ పుస్తకం, రశీదులే దాని విలువను నిలబెడతాయి.

రెండు పండుగలు, రెండు పరీక్షలు

గడువులన్నీ గుర్తుపెట్టుకోవడం కష్టమనేవారికి మన పండుగలే సాయపడతాయి. దీపావళి అక్టోబరు, నవంబరులలో వస్తుంది. మంచు రాష్ట్రాలలో అది చలికాలపు ముంగిలి. ఆ వారంలో కూలెంట్ పాళ్లు, బ్యాటరీ, టైర్లు చూపించుకోవాలి. మైనస్ 18 డిగ్రీల చలిలో బ్యాటరీ ఇవ్వగల శక్తి సుమారు సగానికి తగ్గుతుంది. అదే చలిలో చిక్కబడిన ఆయిల్‌ను కదిలించి ఇంజన్‌ను తిప్పడానికి మరింత శక్తి కావాలి. పూర్తిగా ఛార్జ్ అయిన బ్యాటరీ విశ్రాంతిలో సుమారు 12.6 వోల్టులు చూపాలి. నీరసించిన బ్యాటరీలోని ఆమ్లం పలచనై గడ్డకట్టి, పెట్టెను పగులగొట్టే ప్రమాదం కూడ ఉన్నది. ప్రతి 10 ఫారన్‌హీట్ డిగ్రీల చలికి టైరులోని గాలి సుమారు ఒక పౌను తగ్గుతుంది గనుక గాలి నింపించాలి.

ఉగాది మార్చి, ఏప్రిల్‌లలో వస్తుంది. అప్పటికి రోడ్లపై ఉప్పు చల్లడం ముగింపుకు వస్తుంది, కారు అడుగున చేరిన ఉప్పు ఎండకు మేల్కొంటుంది. ఆ వారంలో అడుగుభాగాన్ని నీటి ధారతో శుభ్రంగా కడిగించి, పైకెత్తించి, బ్రేకు గొట్టాలు, సైలెన్సర్, చట్రం చూపించాలి. ఆయిల్ మార్పించాలి. నోటుబుక్కు తీసి రానున్న ఏడాదిలో ఏ గడువులు నిండుతున్నవో చూసుకోవాలి. ఆదాయ వ్యయాలు వినే రోజునే కారు ఆదాయ వ్యయాలు కూడ తేల్చుకోవడం సముచితమే.

ఎప్పుడు వదలుకోవాలి

మరమ్మతు ఖర్చు కారు వెలను మించితే వదలుకోవాలని లోకోక్తి. ఇది అన్నివేళలా సరికాదు. పోల్చవలసినది ఆ ఖర్చును కారు వెలతో కాదు, ఆ ఖర్చు తరువాత కారు ఎన్ని నెలలు నడుస్తుందో, అదే నెలలకు మరొక కారు వాయిదాలు ఎంతవుతాయో దానితో. 1,200 డాలర్ల పని రెండేళ్లు నడిపిస్తే నెలకు 50 మాత్రమే. అయితే దీనికొక మినహాయింపు ఉన్నది. చట్రాన్ని తుప్పు తిన్న కారుమీద డబ్బు పెట్టరాదు. నూనె మార్చవచ్చు, రబ్బరు మార్చవచ్చు, ఇంజన్‌నే మార్చవచ్చు. చట్రం పోయిన కారు ప్రమాదంలో లోపలివారిని కాపాడలేదు.

ఈరీ తీరాన ఉన్న ఆ దంపతులు అయిదు వేలకు బదులు మూడు వేల ఏడు వందల కారును చూసుకొని, పదమూడు వందలు చేతిలో ఉంచుకొని, మొదటి నెలలోనే బెల్ట్ మార్పించుకొని ఉంటే, వేసవిలో గుంటూరునుండి వచ్చే తల్లిదండ్రులను అదే కారులో విమానాశ్రయంనుండి ఇంటికి తెచ్చుకొని ఉండేవారు. వెనుక సీటులో కూర్చునే ఆ పెద్దలు కారు ఖరీదును అడుగుతారు, మైళ్లు అడుగుతారు. బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారని అడగరు. అది అడగవలసినవారు ముందు సీటులో ఉన్నవారే.